నాన్న అంబాసిడర్‌కి మొత్తం కొత్త రంగు వేయాలా, పాత రంగు ఉంచాలా?

గోదారి గట్టు:
అందరికీ నమస్కారమండి. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మా నాన్నగారు 1984లో కొన్న అంబాసిడర్ మార్క్ 4 ఇంకా మా ఇంట్లోనే ఉంది. మీగడ రంగు, పెట్రోల్ బండి. ఆయన పోయాక తొమ్మిదేళ్ళ నుంచి గడ్డిమేటు పక్కన రేకుల షెడ్డులో నిలబడిపోయింది. సంక్రాంతి తర్వాత నేనూ మా అబ్బాయీ కలిసి ఇంటి దగ్గరే బాగుచేయడం మొదలుపెట్టాం. అదృష్టం కొద్దీ ఇంజన్ పట్టేయలేదు. ప్లగ్గులు ఊడదీసి, ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల ఆయిల్ పోసి నాలుగు రోజులు వదిలేశాం. తర్వాత ముందు నుంచి హ్యాండిల్ వేసి మెల్లగా తిప్పితే తిరిగింది. అమ్మ వెంటనే వెళ్ళి కొబ్బరికాయ తెచ్చి కొట్టింది.

ఇప్పుడు గొడవంతా రంగు దగ్గర. డ్రైవర్ తలుపు మీద, అద్దం దిగే అంచు దగ్గర, అరచేయంత మేర రంగు అరిగిపోయింది. చుట్టూ మీగడ రంగు, లోపల ఎర్ర ప్రైమర్, నడిమధ్య నున్నటి రేకు. నాన్న మోచెయ్యి ముప్పై ఏళ్ళపాటు ఆనిన చోటు అది. ఆయన కారు నడుపుతున్నారంటే నాకు ముందు గుర్తొచ్చేది కిటికీలోంచి కనిపించే ఆ మోచెయ్యే.

అక్క మాటేమో, "మొత్తం గీకించి కొత్తగా డ్యూకో పెయింటు కొట్టించు, వచ్చే మాఘంలో మా అమ్మాయి పెళ్ళి, అప్పగింతలు ఈ కారులోనే" అని. తుప్పు పట్టిన చోట్ల వరకే చేసి మిగతాది అలాగే ఉంచాలని నా ఆశ. ఇలాంటి పని చేసినవాళ్ళు చెప్పండి.

ఆటోనగర్ చేతులు:
నేను బెజవాడ ఆటోనగర్‌లో ముప్పై ఐదేళ్ళుగా టింకరింగ్ చేస్తున్నాను. గోదారి గట్టు గారూ, మీ బాధ అర్థమైంది. అయినా మీ అక్కగారి మాటే వినండి, మొత్తం గీకించండి.

ఎందుకంటే అంబాసిడర్‌కి లారీలా కింద వేరే ఛాసిస్, అంటే చట్రం, ఉండదు. బాడీయే ఛాసిస్. నేల రేకు, తలుపుల కింద ఉండే పెట్టె లాంటి భాగం, ఇవి పుచ్చిపోతే బండి నడుమే పోయినట్టు. తుప్పు లోపలి నుంచి బయటికి వస్తుంది. పైన రంగు మీద చిన్న బుడగ కనిపించేసరికి లోపల రేకు అప్పడంలా అయిపోయి ఉంటుంది. మీది కోస్తా గాలి. పైగా తొమ్మిదేళ్ళు గడ్డి పక్కన చెమ్మలో ఉన్న బండి.

ఒక పని చేయండి. అయస్కాంతానికి పలచటి గుడ్డ చుట్టి బండి అంతా పెట్టి చూడండి. అది పట్టుకోని చోట గుంటలు పూడ్చే పుట్టీ మందంగా ఉందని అర్థం. తర్వాత లోపలి మ్యాట్లన్నీ తీసి నేల రేకుని స్క్రూడ్రైవర్ మొనతో పొడవండి. దిగబడితే ఇక ఆలోచించక్కర్లేదు.

కరీంనగర్ ఫియట్:
అన్నా, నేను ఒప్పుకోను. మా పెదనాన్న ఫియట్ కారు, పద్మినిని మొత్తం గీకుడు పనికి ఇచ్చినం. ఆరు నెలలన్నరు, రెండేళ్ళు పట్టింది. ఎక్కడిచ్చినమో చెప్పను, ఇప్పుడు దానితో పని లేదు. తిరిగి వచ్చినప్పుడు అద్దంలా మెరిసింది, నిజమే. కానీ తలుపు హ్యాండిళ్ళు మావి కావు, స్టీరింగ్ మారింది, డ్యాష్‌బోర్డు మీద పెదనాన్న అంటించిన కొండగట్టు అంజన్న బొమ్మ లేదు. అడిగితే "పాతవి కదా, తీసి పడేసినం" అన్నరు. పెద్దమ్మ ఒక్కసారి ఎక్కి కూర్చుని దిగిపోయింది. మళ్ళీ ఎక్కలేదు.

పుచ్చిన రేకు కోసి కొత్తది వేయండి, ఎవరూ వద్దనరు. బాగున్న రేకు మీది రంగుని ఎందుకు గీకాలె? ఒకసారి గీకితే మళ్ళీ రాదు గదా.

డాలస్ నుంచి ఉష:
నేను మీ అక్కగారి వైపు. కారణం వేరే.

మా నాన్నగారికీ అంబాసిడరే ఉండేది, గుంటూరులో. రోజూ తెల్లారుజామున బకెట్టు నీళ్ళు, పాత బనియను గుడ్డ పట్టుకుని తుడిచేవారు. ఎక్కడైనా గీత పడితే అదే రంగు చిన్న డబ్బాలో తెచ్చి, కుంచెతో అద్దేవారు. ఆ తరం వాళ్ళకి కారు అంటే అలాంటిది. మీ నాన్నగారు ఉండి ఉంటే మనవరాలి పెళ్ళికి ఆ మచ్చతో కారు తీసుకెళ్ళేవారా? మీరు కాపాడాలనుకుంటున్నది ఆయన జ్ఞాపకం. ఆయన ఇష్టం ఏమిటో కూడా ఒకసారి ఆలోచించండి.

పాత రికార్డులు:
రంగు సంగతి మీరే తేల్చుకోండి. మిగతావి చెబుతాను, ఎందుకంటే పెళ్ళి తేదీ పెట్టుకుని పని మొదలుపెడితే ముందు చేయాల్సినవి వెనక్కి పోతాయి.

మొదట బ్రేకులు. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. ఇన్నేళ్ళు నిలబడిన బండిలో బ్రేక్ ఆయిల్ చెమ్మ పీల్చుకుని చక్రాల దగ్గర బ్రేకుని నొక్కే వీల్ సిలిండర్ల లోపల గుంటలు పడతాయి. రబ్బర్లు మాత్రం మార్చి ఊరుకోవద్దు, సిలిండర్లే మార్చండి. ముందు చక్రాల దగ్గర ఉన్న గ్రీజు నిపుల్స్ అన్నింటికీ పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్తది కొట్టండి.

రెండోది పెట్రోల్. ఇప్పుడు బంకుల్లో దొరికేదాంట్లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. 1984 నాటి రబ్బరు పైపులు దానికి తట్టుకోవు, ఉబ్బి పగులుతాయి. ఇథనాల్ తట్టుకునే పైపులు వేయండి, బండి నిలబెట్టే నెలల్లో ట్యాంకు ఖాళీగా ఉంచండి. ఇంకోటి, ఆ ఇంజన్ సీసం కలిసిన పెట్రోల్ రోజుల్లోది. దేశమంతటా సీసం ఆగిపోయింది 2000లో. సీసం లేకపోతే వాల్వులు ఆనే సీట్లు త్వరగా అరుగుతాయి. హెడ్ ఎలాగూ విప్పుతారు కాబట్టి లేత్ షాపులో గట్టి వాల్వ్ సీట్లు వేయించండి.

మూడోది కాగితాలు. పదిహేనేళ్ళు దాటిన కారుకి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్‌లోనే ఆ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధన ప్రకారం యాభై ఏళ్ళు దాటిన బండి అసలు రూపంలో ఉంటే వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. మీదానికి ఆ అర్హత 2034లో వస్తుంది. ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చేస్తే రాదు. ఎవరైనా డీజిల్ ఇంజన్ పెట్టించమని సలహా ఇస్తే వినకండి.

గోదారి గట్టు:
అందరికీ ధన్యవాదాలండి. ఉష గారి మాట చదివాక రెండు రోజులు మనసు మనసులో లేదు. నాన్న కారు డైరీ ఒకటి బీరువాలో ఉండాలి, ఆయిల్ మార్పించిన తేదీలు, టైర్ల లెక్కలు అన్నీ రాసేవారు. నిన్న తీసి చదివాను. 1999 మే నెల పేజీలో ఉంది: "కారుకి పూర్తి రంగు. పాప పెళ్ళి."

పాప అంటే అక్కే. నేను ఇన్నాళ్ళూ అసలు రంగు అనుకుంటున్నది కంపెనీ రంగు కాదు. అక్క పెళ్ళికని నాన్నే వేయించిన రంగు. వెంటనే షెడ్డులోకి వెళ్ళి టార్చి వేసి ఆ మచ్చ అంచు చూశాను. చెట్టు కోసినప్పటి వలయాల్లా ఉంది. పైన తెల్లగా ఒక మీగడ రంగు, దాని కింద సన్నని బూడిద గీత, దాని కింద పచ్చగా మాగిన ఇంకో మీగడ రంగు, ఆ తర్వాత ఎర్ర ప్రైమర్. పెళ్ళి రంగుని, కంపెనీ రంగుని రెండింటినీ ఆయన మోచెయ్యి అరగదీసింది.

అయస్కాంతం పరీక్ష కూడా చేశాను మేస్త్రీ గారూ. పైకప్పు, బానెట్, డిక్కీ బాగున్నాయి. నాలుగు తలుపుల అడుగులూ పోయాయి, నీళ్ళు కారే కన్నాలు మట్టితో మూసుకుపోయి ఉన్నాయి. డ్రైవర్ కాళ్ళ దగ్గర నేల రేకులో స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగింది.

ఆదివారం అక్క వచ్చింది. డైరీ చూపించాను. చాలాసేపు ఆ పేజీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. తర్వాత కారు దగ్గరికి వెళ్ళి ఆ మచ్చ తడిమి, "కారంతా వేయించరా. ఇక్కడ మాత్రం ముట్టుకోవద్దు" అంది. నాకు ఇంకేం కావాలి? నాన్న వేయించినట్టే పెళ్ళికి కారంతా రంగు వేయిస్తాను, ఆ అరచేయంత చోటు తప్ప.

మేస్త్రీ గారూ, ఒక్కటి చెప్పండి. ఆ చోట తుప్పు పాకకుండా పైన క్లియర్, అంటే రంగు లేని పూత, కొట్టొచ్చా?

ఆటోనగర్ చేతులు:
క్లియర్ వద్దండి. ఉత్త రేకు మీద అది గట్టిగా పట్టదు, అంచు దగ్గర చెమ్మ దూరి దాని కింద తుప్పు సాలెగూడులా పాకుతుంది. తర్వాత తీయాలంటే అంతా గీకాల్సి వస్తుంది.

ఇలా చేయండి. 1000 నంబరు వాటర్ పేపర్‌ని కిరసనాయిల్‌లో తడిపి, తుప్పు చుక్కలున్న చోట వరకే వేలితో మెల్లగా రుద్దండి. రంగు అంచుల మీదికి పోనివ్వకండి. పొడిగుడ్డతో తుడిచి, ఎండలో ఒక పూట ఆరనిచ్చి, కారు మైనం పలచగా పట్టించండి. వానాకాలంలో పదిహేను రోజులకోసారి, మిగతా రోజుల్లో నెలకోసారి. రంగు కొట్టేటప్పుడు దాని చుట్టూ టేపు వేస్తే గట్టులా గీత నిలబడిపోతుంది. టేపు అంచు కొంచెం పైకి మడిచి పెట్టమనండి, అప్పుడు కొత్త రంగు పాతదాంట్లో కలిసిపోతుంది.

తలుపుల అడుగులకి 20 గేజ్ రేకు సరిపోతుంది. గ్యాస్ వెల్డింగ్ పెట్టనివ్వకండి, వేడికి తలుపు వంకర పోతుంది. సీఓటూ వెల్డింగ్‌తో చుక్కలు చుక్కలుగా వేయమనండి. నేల రేకు పని ఇంటి దగ్గర వద్దు, పెట్రోల్ ట్యాంకు దించి బండిని నా షెడ్డుకి పంపండి. మీ అబ్బాయిని కూడా తోడు పంపండి, రేకు కొలత తీసుకుని కోయడం నేర్పిస్తాను.