అన్నిటికి తాళుకొనునా, తాలుకొనునా?

సాగర్ మనవరాలు:
పెద్దలకు నమస్తే. వారం నుంచి ఒక బైబిలు వాక్యం మామిడి పీచులా పళ్ల మధ్య ఇరుక్కుని పోవట్లేదు. మా అవ్వది దేవరకొండ దిక్కు. 1955లో నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశాక రాళ్లు మోయడానికి పోయిన వేలమందిలో ఆమె ఒకతి. గుడిసెలో కాపురం, పొద్దంతా కూలి. ముగ్గురు పిల్లల్లో ఒకడు అక్కడే జ్వరంతో పోయాడు. గుడిసెల దగ్గర వారానికోసారి ప్రార్థన కూడిక జరిగేదట. చదువు రాదు కాబట్టి అయ్యగారు చదివింది విని పట్టుకునేది. ముసలితనంలో కూడా లేవాలన్నా కూర్చోవాలన్నా ఒకటే మాట, "అన్నిటికి తాలుకొనును". మిగతా ముక్కలు నాకు గుర్తు లేవు. "నమ్మును" ఉంది, "ఓర్చును" కూడా ఉన్నట్టుంది. రెండు సందేహాలు. అది తాలుకొనునా, తాళుకొనునా? తాళుకోవడం, ఓర్చుకోవడం ఒకటే అయితే ఒకే వచనంలో రెండూ ఎందుకు?

హాలియా సార్:
ఒకటో కొరింథీ 13:7, పౌలు తన ఉత్తరంలో ప్రేమ గురించి రాసిన చోటు. "అన్నిటికి తాళుకొనును, అన్నిటిని నమ్మును, అన్నిటిని నిరీక్షించును, అన్నిటిని ఓర్చును." అచ్చులో ళ. మీ అవ్వ పలికింది మన దిక్కు ఉచ్చారణ, ళ నాలుక తిరగక ల అవుతుంది. నీళ్లను నీల్లు అనేవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది లేరు? మొదటి ప్రశ్న అయిపోయింది.

పద్యాల పిచ్చి:
అంత తొందరగా ఎట్లా అయిపోతుంది సార్? ఓర్పుకు ఇంకో పేరు తాలిమి. అందులో ఏ అక్షరం ఉంది? తాల్మి అన్నా ల-నే. నామవాచకంలో ల ఉంటే ఒప్పు, అవ్వ క్రియలో ల పలికితే నాలుక తిరగకపోవడమా?

హాలియా సార్:
తాలిమిని తాళిమి అని కూడా రాస్తారు. క్రియ మాత్రం తాళు. "తాళలేను" అంటాం, "తాలలేను" అని రాసిన కవిని చూపించు, ఒప్పుకుంటాను.

పద్యాల పిచ్చి:
యతిలో ల, ళ రెండూ మిత్రులే కదా సార్. పద్యంలో చెల్లిన స్నేహం అవ్వ నోట్లో చెల్లదా?

రైతుబిడ్డ, మిర్యాలగూడ:
మీరు యతులు చూసుకోండి. మాకు తాలు అంటే గింజ లేని పొల్లు. మొన్న వడ్ల కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం లోపే వచ్చింది, అయినా తాలు ఉందని బస్తాకు కిలోన్నర కోశారు. కాబట్టి "అన్నిటికి తాలుకొనును" అంటే నాకు ముందు తరుగే గుర్తొచ్చింది. తాళుకున్నాం, ఏం చేస్తాం.

మక్తల్ వాసి:
మాకు ఇవతల తెలుగు, అవతల రాయచూరు కన్నడ. కన్నడంలో ఓర్పును తాళ్మె అంటారు. "తాళిదవను బాళియాను" అని సామెత, అంటే తాళుకున్నవాడే బతుకుతాడు. అక్కడ రెండింట్లోనూ గట్టి ళ. మా ఊళ్లో ముసలివాళ్లు "తాళు తాళు" అంటే "ఆగు" అని. కాబట్టి మూలం ళ. సార్‌కే నా ఓటు. అయితే అర్థం మాత్రం ఓర్పు కాదు, ఆగడం.

హాలియా సార్:
ఓటు తీసుకున్నాను, అర్థం తీసుకోలేదు. "కాసేపు తాళు" అంటే ఆగు, నిజమే. "ఆకలికి తాళలేక" అంటే ఆగలేక అని చెప్తారా?

గ్రీకు తమ్ముడు:
వందనాలు. నేను రెండేళ్లు బైబిలు పాఠశాలలో గ్రీకు చదివి, నెత్తి నొప్పి లేచి మానేసినవాణ్ని. అయినా ఇక్కడ చెప్పాల్సిన సంగతి ఒకటి ఉంది. గ్రీకు మూలంలో ఆ వచనపు మొదటి క్రియ స్టెగేయ్, చివరిది హుపొమెనేయ్. అవి వేర్వేరు మాటలు, కాబట్టి తెలుగులో రెండు మాటలు రావడం న్యాయమే. స్టెగే అంటే ఇంటి కప్పు. కప్పు వానను ఆపుతుంది, బరువును మోస్తుంది, లోపలివాళ్లను తడవనియ్యదు. హుపొమెనేయ్ అంటే బరువు కింద ఉండిపోవడం, పారిపోకపోవడం. ఇంకో తమాషా చూడండి. ఈ రెండో మాట మూలమే మత్తయి 24:13లో "అంతమువరకు సహించినవాడు" అయింది, రోమా 5లో "శ్రమ ఓర్పును" దగ్గర ఓర్పు అయింది, హెబ్రీ 12లో "ఓపికతో పరుగెత్తుదము" దగ్గర ఓపిక అయింది. అక్కడ ఒక్క మాట, మనకు మూడు.

మక్తల్ వాసి:
ఓపిక వేరు కదా తమ్మీ. "ఒంట్లో ఓపిక లేదు" అంటే సత్తువ లేదని. పరుగుకు ఓపికే కావాలి, ఓర్పు చాలదు. అక్కడ ఆ మాట వేసినవాడికి తెలుగు బాగా వచ్చు.

జడ్చర్ల అక్క:
మీరంతా ల, ళ దగ్గర తన్నుకుంటున్నారు గానీ, ఆ వచనంలో నన్ను ఎప్పుడూ గుచ్చేది వేరే అక్షరం. మొదట "అన్నిటికి", తర్వాత మూడుసార్లు "అన్నిటిని". కి ఒక్కసారే ఎందుకు?

నేను ముప్ఫై ఏళ్లు ప్రసవాల వార్డులో నర్సును. "నొప్పి ఓర్చుకో తల్లీ" అని ఎన్ని వేలసార్లు అన్నానో. నొప్పిని ఓర్చుకుంటాం, మాటను ఓర్చుకుంటాం. కానీ ఎండకు తాళలేం, చలికి తాళలేం. ఈ కుండ మంటకు తాళదు అంటాం, మంటను తాళదు అని ఎవరూ అనరు. ఓర్చుకునేది మనిషి. తాళేది కుండ, గోడ, కట్ట, గొడుగు గుడ్డ. బయటినుంచి వచ్చే దానికి ఎదురుగా నిలబడితే తాళినట్టు. లోపల మింగుకుంటే ఓర్చినట్టు. తమ్ముడు కప్పు అనగానే నాకు ఇది కలిసింది. వానకు తాళే కప్పు.

అవ్వ రాళ్లు మోసింది ఆనకట్టకే అయితే, తాళడం అంటే ఏంటో ఆమెకు మనకన్నా బాగా తెలుసు.

గ్రీకు తమ్ముడు:
అక్కా, ఇది నేను క్లాసులో వినలేదు. అయితే అనువదించినాయన అంత ఆలోచించాడా, తాళుకు కి సహజంగా వస్తుంది కాబట్టి వేశాడా అన్నది తేల్చలేం.

జడ్చర్ల అక్క:
ఆలోచించకుండా కుదిరింది కాబట్టే గొప్పది తమ్మీ.

హాలియా సార్:
నర్సమ్మగారి కి, ని తేడా ఒప్పుకుంటున్నాను. కానీ ఓర్చుకు నాదొక ఊహ ఉంది, నలభై ఏళ్లుగా మోస్తున్నాను. తెలుగులో ఓర్వలేనివాడు అంటే ఎవరు? నొప్పి భరించలేనివాడు కాదు, పక్కవాడు బాగుపడితే చూడలేనివాడు. ఓర్వలేనితనం అంటే అసూయ. అదే అధ్యాయం నాలుగో వచనంలో "ప్రేమ మత్సరపడదు" అని ఉంది. మొదట మత్సరం లేదంటాడు, చివర అన్నిటినీ ఓర్చును అని మూస్తాడు. అంటే కష్టాన్నే కాదు, ఎదుటివాడి సుఖాన్ని కూడా ఓర్చును. రెండోది కష్టమైన పని.

గ్రీకు తమ్ముడు:
సార్, గ్రీకులో ఆ అర్థం లేదు.

హాలియా సార్:
తెలుగులో ఉంది. మేము చదివేది తెలుగు.

తిప్పర్తి చెల్లె:
నేను మామూలుగా ఇక్కడ చదివి పోతాను. ఈసారి రాయక తప్పట్లేదు. ఈ వచనాన్ని మా ఇంట్లో వాడిన తీరు వేరు. తాగి కొట్టే మొగుడి దగ్గరికి మా పిన్నిని ఈ వాక్యం చెప్పే మూడుసార్లు తిరిగి పంపారు. "అన్నిటికి తాళుకో, ప్రేమ అంటే అదే" అని. కప్పు, గొడుగు అని మీరు అందంగా చెప్తున్నారు. కప్పు కింద ఉన్నవాళ్లు తడవకూడదు కదా? మా పిన్ని కప్పు కింద లేదు, కప్పే ఆమె మీద కూలింది.

జడ్చర్ల అక్క:
చెల్లె, నీ మాట నిజం. నెత్తి పగిలి వార్డుకు వచ్చినవాళ్లకు కుట్లు వేశాను. ఆ వచనంలో కర్త ఎవరో చూడు. "ప్రేమ" తాళుకొనును అని ఉంది, "భార్య" అని లేదు. కొట్టేవాడి మీద కూడా అదే క్రియ పడాలి. వాడికి ఎవరూ చెప్పరు.

గ్రీకు తమ్ముడు:
పౌలు కూడా అన్నిచోట్లా తాళుకుని పడి ఉండలేదు చెల్లె. దమస్కులో పట్టుకోవడానికి కాచుకుంటే గంపలో కూర్చుని గోడ మీదుగా దిగి తప్పించుకున్నాడు. అది కూడా బైబిల్లోనే ఉంది. విశ్వాసం వదల్లేదు, ఊరు వదిలాడు.

పద్యాల పిచ్చి:
రోమా 5 మాట వచ్చింది కాబట్టి ఒకటి. "శ్రమ ఓర్పును" అన్నచోట ఈ కాలం పిల్లలు శ్రమ అంటే పని అనుకుంటున్నారు, శ్రమదానంలో శ్రమ లాగా. మా చర్చిలో ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాలు అంటే మా చిన్నోడు "నలభై రోజులు పని చేయాలా?" అన్నాడు. బైబిలు తెలుగు వింత అని కొట్టిపారేసేవాళ్లకు నా జవాబు పోతన. గజేంద్రుడి నోట:

లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యెఁ బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చెఁ దనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్

ఏనుగు ఏమైనా కూలికి పోయిందా? ఇక్కడ శ్రమ అంటే బాధే, ప్రాణం మీదికి వచ్చిన అలసట. పాదిరీలు కొత్తగా పుట్టించిన అర్థం కాదు, బమ్మెరలో వాడింది. ఆ పద్యం మీద చెప్పుకుంటూ పోతే తెల్లవారుతుంది. "డస్సెన్" దగ్గర ఆ ద్విత్వం చూడండి, ఏనుగు మోకాళ్లు మడిచినట్టు ఉండదూ! తర్వాత "నీవే తప్ప నితఃపరంబెఱుగ" దగ్గర...

రాజంపేట రసికుడు:
పోతన ఊరు బమ్మెర కాదు, ఒంటిమిట్ట.

అడ్మిన్:
ఆ గొడవ ఇక్కడ మొదలుపెట్టొద్దు. పోయినసారి పది మంది గ్రూపు వదిలి పోయారు.

రైతుబిడ్డ, మిర్యాలగూడ:
శ్రమకు మన దిక్కు మాట కష్టం. "కష్టం చేసుకుని బతుకుతున్నం" అంటే పని, "కష్టం వచ్చింది" అంటే బాధ. మనకు రెండూ ఒకటే, విడివిడిగా ఎప్పుడు వచ్చాయి? పాలమూరు నుంచి బొంబాయి బస్సెక్కినవాడిని అడుగు, ఏది శ్రమో ఏది శ్రమ కాదో చెప్పగలడేమో.

మక్తల్ వాసి:
ఇది బాగుంది. ఓర్పు మీద సామెత ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను. "ఓర్చినమ్మకు తేట నీరు."

రైతుబిడ్డ, మిర్యాలగూడ:
అన్నా, నల్లగొండవాళ్ల దగ్గర ఆ సామెత జాగ్రత్తగా వాడు. మా దగ్గర తేటగా ఉన్న నీళ్లలోనే ఫ్లోరైడ్. మర్రిగూడ దిక్కు పోయి చూడు, తేట నీళ్లు తాగినవాళ్ల నడుములు ఎట్లా వంగాయో.

హాలియా సార్:
అయినా సామెత ఓడిపోలేదు. ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన ఊరి పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. సున్నం, పటిక వేసి కలిపి, మడ్డి అడుగుకు దిగేదాకా ఆగాలి. కదిలిస్తే మళ్లీ మొదటికే. ఓర్చినమ్మకే తేట నీరు.

పద్యాల పిచ్చి:
సార్, మీరు ఈ పాయింట్ నా దగ్గర నుంచి లాక్కున్నారు.

సాగర్ మనవరాలు:
అందరికీ థాంక్స్. చెల్లె రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా తాత కూడా తాగేవాడు, అవ్వ ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

ఇంతలో మిర్యాలగూడలో ఉన్న మా మేనత్తకు ఫోన్ చేశాను. ల-నా ళ-నా అని అడిగితే నవ్వింది. "అదేం అక్షరమో నాకేం తెలుసు బిడ్డా, చేటలో బియ్యం చెరుగుకుంట అనేది. తాలు ఎగిరిపోయేది, గింజలు మిగిలేవి" అంది. రైతుబిడ్డ అన్నా, మీ తరుగు అవ్వకు ముందే తెలిసినట్టుంది. ఇంకోటి కూడా చెప్పింది. అవ్వ "అన్నిటికి" అనేది కాదట. "అందరికి తాలుకొనును" అనేదట. నేను చిన్నప్పుడు తప్పు విన్నానంది. లేదా అత్తే తప్పు విన్నదేమో.

హాలియా సార్:
అందరికి అంటే మొత్తం తిరగబడుతుంది. అన్నిటికి అంటే కష్టాలు. అందరికి అంటే మనుషులు. అత్తా, మొగుడు, మేస్త్రీ...

జడ్చర్ల అక్క:
సార్, అయితే నా కుండ, గొడుగు పోయాయి. మనిషికి తాళడం అంటే ఏంటి? "వాడికి తాళలేం" అంటాం కదా, అక్కడ కి...

గ్రీకు తమ్ముడు:
గ్రీకులో పాంటా. అది "అన్నీ" మాత్రమే, "అందరూ" కాదు. అయినా...

హాలియా సార్:
తమ్మీ, అవ్వ గ్రీకు చదివిందా? ఆగు, తాళుకో. ఇక్కడ కరెంటు పోయింది, ఫోన్ రెండు శాతంలో ఉంది. రేపు పొద్దున "అందరికి" మీద రాస్తాను.