రోజువారీ వంటకత్తి పిడికి ఏది మేలు: నూనె చేవ ఉన్న చెక్కా, రెజిన్ (గట్టిపడే ద్రవ ప్లాస్టిక్) ఎక్కించిన బర్లా (చెట్టు బుడిపె చెక్కా)?

కత్తిపీట: ఫుల్ టాంగ్ షెఫ్ కత్తికి, అంటే అలుగు ఉక్కే టాంగ్‌గా పిడి చివరిదాకా సాగే కత్తికి, రెండు వైపులా చెక్క అతికి పిడి వేయాలి. టాంగ్ వెడల్పు 30 మి.మీ. రోజూ తడుస్తుంది, వెంటనే తుడిచి పెడతారు. కోకోబోలో, ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్, గాబన్ ఎబొనీ, స్టెబిలైజ్ చేసిన (రెజిన్ ఎక్కించిన) మేపుల్ బర్ల్ చూస్తున్నాను. మీరైతే ఏది వేస్తారు, ఎందుకు?

చిత్రిక: బ్లాక్‌వుడ్డే. అందరూ గట్టిదనం అంకెలు చూస్తారు గానీ, చూడాల్సింది చెక్క ఎంత కుంచించుకుంటుందన్నది. పచ్చి చెక్క పూర్తిగా ఎండేసరికి అడ్డంగా బ్లాక్‌వుడ్ 5 శాతం లోపే తగ్గుతుంది, ఎబొనీ దాదాపు 11. చెక్కలో చెమ్మ 12 శాతం నుంచి 6కి దిగిందనుకోండి: 30 మి.మీ.లో బ్లాక్‌వుడ్‌కి తగ్గేది సుమారు 0.3 మి.మీ., ఎబొనీకి 0.6 పైనే. చెక్క తగ్గినా ఉక్కు తగ్గదు కదా. టాంగ్ అంచు పైకి తేలి అరచేతిని గీస్తుంది, లేదా చెక్కను టాంగ్‌కి బిగించే పిన్నుల (లోహపు మేకుల) మధ్య నార వెంట బీట పడుతుంది. పైగా ఎబొనీ వేడికి ఓర్చుకోదు. ఉప్పు కాగితం బెల్ట్ తిరిగే యంత్రం మీద నొక్కి పట్టి రుద్దితే సన్నటి నెర్రెలు వచ్చేస్తాయి.

ఆకురాయి: కదలిక లెక్క సరే చిత్రిక గారూ, మరి జిగురు సంగతి? కోకోబోలో, బ్లాక్‌వుడ్ రెండిట్లోనూ నూనె ఉంది, ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) ఊడొస్తుంది. బర్ల్‌తో ఆ బాధ లేదు. కాకపోతే రెజిన్ సరిగ్గా ఎక్కాలి. చెక్కను 105 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టి, మూతపెట్టిన డబ్బాలో చల్లార్చి, రెజిన్‌లో ముంచి బుడగలు ఆగేదాకా వాక్యూమ్ లాగాలి. వాక్యూమ్ తీశాకే రెజిన్ లోపలికి దూరుతుంది, అందుకే కొన్ని గంటలు అందులోనే నాననివ్వాలి. ఆపైన 90-95 డిగ్రీల్లో గట్టిపరచాలి. చెమ్మ మిగిలిందా, ఆ మేర రెజిన్ చేరదు. కొన్న ముక్కైతే చివర కోసి, కోత మీద నీటిచుక్క వేయండి. పీల్చుకుంటే వెనక్కి ఇచ్చేయండి.

చిత్రిక: జిగురు ఊడేది నూనె వల్లే కాదండీ, తొందర వల్ల. అతికే ముఖాన్ని 60 నంబరు ఉప్పు కాగితంతో గరుకు చేసి, గుడ్డ మీద రంగు దిగడం తగ్గేదాకా అసిటోన్‌తో తుడిచి, అసిటోన్ ఆరగానే అతికించాలి. మర్నాటికి వదిలేస్తే నూనె మళ్లీ పైకి వస్తుంది. 5 నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ వద్దు, 24 గంటలు పట్టేది వాడండి. క్లాంప్ బిగించేస్తే జిగురంతా బయటికి పోతుంది, కదలకుండా పట్టుకుంటే చాలు. అన్నిటికన్నా ముందు, పిన్నులు లేకుండా జిగురు ఒక్కదాన్నే నమ్మకండి.

పట్టకారు: కోకోబోలో అందం గురించి వాదన లేదు, భయమంతా దాని పొట్టుతోనే. చర్మం మీద దద్దుర్లు లేస్తాయి, ఒకసారి ఒంటికి పడకపోతే తర్వాత కొంచెం తగిలినా తిరగబెడుతుంది. మంచి రెస్పిరేటర్, పొట్టు లాగే యంత్రం లేకపోతే ముట్టుకోవద్దు. ఇంకొకటి: కోకోబోలో, బ్లాక్‌వుడ్ రెండూ డాల్బెర్జియా జాతివే. 2017 జనవరి నుంచి ఆ జాతి మొత్తం సైటిస్ (అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉంది. దేశం దాటించాలంటే కాగితాలు ముందే చూసుకోండి.

కత్తిపీట: బ్లాక్‌వుడ్ తీసుకుంటాను. పైన అవిసె నూనె పట్టించొచ్చా?

చిత్రిక: వద్దు. ఈ జాతి చెక్కల్లోని సహజ నూనెలు అవిసె నూనెను ఆరనివ్వవు, జిడ్డుగానే ఉండిపోతుంది. 800 నంబరు ఉప్పు కాగితం దాకా రుద్ది, బఫ్ చేసి (గుడ్డ చక్రంతో మెరుగుపెట్టి), మైనం పట్టించండి.