లాకుల్లో మునిగిన ఇనుప పడవను ఎలా తీయాలి?

ఏలూరు కాలువలో గుర్రపుడెక్క తీసే మా పడవ రాత్రి వానకు నిండి పాత లాకు తొట్టిలో (పడవలను ఒక నీటి మట్టం నుంచి మరో మట్టానికి మార్చే, రెండు వైపులా తలుపులున్న రాతి తొట్టి) మునిగింది. ఖాళీ బరువు రెండు టన్నులు, డీజిల్ ఇంజనుతో కలిపి. ఎనిమిది అడుగుల లోతు, అడుగంతా బురద. క్రేను తెచ్చి లాగేద్దామని మావాళ్లు అంటున్నారు. ఆ రాతి గోడ అంచున క్రేను నిలపడానికి నాకు మనసు ఒప్పడం లేదు. ఇలాంటి పని చేసినవారు చెప్పండి.

పెనమలూరు రైతు: రెండు వైపులా తలుపులు మూసి నీళ్లు తోడేయండి.

అడిగినవారు: కింది తలుపుల చెక్కలు ఎప్పుడో పోయాయండీ. పైగా నాట్ల సమయం, నీరు ఆపమని అడగలేను.

రిటైరైన లస్కరు (కాలువ లాకులు, తలుపులు చూసుకునే ఉద్యోగి): ఆపమని అడగకపోవడమే ధర్మం. క్రేను మాట కూడా మరచిపోండి బాబూ. 2024 సెప్టెంబరు వరదలో ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర చిక్కిన పడవలను పెద్ద క్రేన్లే కదల్చలేకపోయాయి. నీళ్లలో మీ పడవ తూగేది సుమారు 1,750 కిలోలే. అంచు దాటి పైకి లాగితే మాత్రం లోపలి నీరంతా బరువే, ఘనమీటరుకు ఒక టన్ను. తాళ్లు తెగేది అక్కడే.

200 లీటర్ల డ్రమ్ము ఒక్కొక్కటి దాదాపు 180 కిలోలు లేపుతుంది. బురద పట్టు కూడా ఉంది కాబట్టి పన్నెండు తెండి. నీళ్లు నింపి ముంచి, పడవ అడుగు కింది నుంచి వేసిన పట్టీలకు రెండు పక్కలా సమంగా కట్టాలి. కింది మూత తెరిచి కంప్రెసరు గాలి పంపితే నీరు దిగిపోతుంది. ముందుగా పంపు నీటిని గట్టిగా కొట్టి పడవ కింది బురదను కదపండి. ముందు ఒక కొసే లేపండి, పట్టు వదులుతుంది. వదిలాక ఒక్కసారిగా పైకి తన్నుతుంది, అప్పుడు గజ ఈతగాళ్లు ఎవరూ నీళ్లలో ఉండకూడదు. అంచు జానెడు పైకి రాగానే ఆగి నీళ్లు తోడండి. లాకు తలుపుల బందులకు మాత్రం తాడు కట్టవద్దు, అవి మనకు మళ్లీ దొరకవు. ఇరిగేషన్ వారి అనుమతి కాగితం మీద తీసుకోండి.

ఆటోనగర్ మెకానిక్: ఇంజను గురించి ఎవరూ చెప్పలేదు. గాలి తగిలాకే తుప్పు వేగంగా పడుతుంది, కాబట్టి పైకి తీసిన రోజే నన్నో మరొకరినో పిలవండి. సెల్ఫ్ కొట్టవద్దు. సిలిండరులో నీరుండగా తిరిగితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఇంజెక్టర్లు విప్పి ఫ్లైవీలు చేత్తో తిప్పండి, నీరు చిమ్మేస్తుంది. ఆయిలు, డీజిలు, ఫిల్టర్లు అన్నీ మార్చాలి.