విబ్రియోకి గుడ్డు సొన యాంటీబాడీ పౌడర్: కిలో మేతకి 5 గ్రాములు సరిపోతుందా?

గట్టుమీద:
వనామీ రొయ్య, డీఓసీ 22 (పిల్ల వదిలి 22 రోజులు). విబ్రియో బాక్టీరియాని లెక్కించే టీసీబీఎస్ ప్లేటులో పచ్చ కాలనీలు పెరుగుతున్నాయి, ఈఎంఎస్ (విబ్రియో వల్ల రొయ్యలు తొందరగా చచ్చిపోయే జబ్బు) వస్తుందేమోనని భయం. ఐజీవై (కోడిగుడ్డు సొనలోని యాంటీబాడీ) పౌడర్ కిలో మేతకి 5 గ్రాములు కలపమంటున్నారు. రొయ్యకి టీకా పట్టదంటారు కదా, మరి ఇదెలా పనిచేస్తుంది? ఎలా కలపాలి?

ల్యాబ్‌బల్ల:
రొయ్య సొంతంగా యాంటీబాడీలు తయారుచేసుకోలేదు. అందుకే టీకా కోడికి వేస్తారు, దాని సొనలో చేరిన యాంటీబాడీని మేతలో పెడతారు. పేగులో ఉన్నంతసేపే దాని పని. మేతలో ఆపేస్తే రక్షణ కూడా పోయినట్టే.

డబ్బా మీద "విబ్రియో యాంటీబాడీ" అని ఉంటే చాలదు, దేనిమీద చేశారో, అంటే కోడికి దేని టీకా వేశారో అడగండి. ఈఎంఎస్‌లో లివర్‌ని పాడుచేసేవి పిర్‌ఏ, పిర్‌బీ అనే రెండు టాక్సిన్లు. 2019లో వచ్చిన జపాన్ ప్రయోగంలో పిర్‌ఏ మీద చేసిన సొన రొయ్యల్ని కాపాడింది, పిర్‌బీ మీద చేసింది పెద్దగా కాపాడలేదు. పైగా పచ్చ కాలనీలన్నీ ఈఎంఎస్‌వి కావు, ముందు పీసీఆర్ (క్రిమి జన్యువుని గుర్తుపట్టే పరీక్ష) చేయించండి.

ఇక మోతాదు. ఒక సొనలో ఐజీవై దాదాపు 100 మిల్లీగ్రాములు. ఎండబెడితే ఆ సొన 9 గ్రాముల పౌడర్ అవుతుంది. అంటే మీ 5 గ్రాముల్లో 55 మిల్లీగ్రాములు, అందులో మనకి కావలసిన క్రిమిని పట్టేది మామూలుగా 2–10 శాతమే. మామూలు సొన పౌడర్ అయితే అది నామమాత్రం. శుద్ధి చేసిన ఐజీవై అయితే లెక్క వేరు. టైటర్ రిపోర్టు (యాంటీబాడీ బలం ఎంతో చెప్పే ల్యాబ్ రిపోర్టు) చూపించకపోతే కొనొద్దు.

మేతగోదాము:
70 డిగ్రీలు దాటితే యాంటీబాడీ చెడిపోతుంది. మేత మిల్లు ఆవిరి అంతకన్నా వేడి, కాబట్టి పైపూతే దారి. పౌడర్‌ని ముందు కాసిని చల్లటి నీళ్లతో ముద్దలా మెదపండి, ఒకేసారి పోస్తే ఉండలు కడుతుంది. తర్వాత బైండర్ (పూతని మేతకి అంటించే జిగురు) వేసి, కిలో మేతకి మొత్తం 30–40 మి.లీ. అయ్యేలా పల్చన చేసి పట్టించండి. నీడలో అరగంట ఆరాక పైన 10 మి.లీ. చేపనూనె.

గాజు గ్లాసు నీళ్లలో గుప్పెడు మేత వేసి అరగంట చూడండి. నీళ్లు పాలలా తెల్లబడితే మందు చెరువుకి పెట్టినట్టే. రొయ్య గుళికని కొరుక్కుంటూ నిదానంగా తింటుంది, ఆలోపే పూత కరిగిపోతుంది. ఏ రోజుది ఆ రోజే కలపండి, సొనలో కొవ్వుకి త్వరగా కమురు వాసన వస్తుంది.

గట్టుమీద:
లివర్ పాలిపోయి పేగు ఖాళీగా కనబడితే, అప్పుడు మొదలుపెట్టొచ్చా?

ల్యాబ్‌బల్ల:
పేగు ఖాళీ అంటేనే మేత తినట్లేదని. తిననిదానికి మందు ఎలా చేరుతుంది? అప్పుడు మేత తగ్గించి, స్లడ్జ్ (చెరువు అడుగు మురికి) తీసి, ఏరియేటర్లు పెంచుకోవాలి. ఇదివ్వాల్సింది తింటున్నప్పుడే. ఈహెచ్‌పీ అనే పరాన్నజీవికి, వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బుకి మాత్రం విబ్రియో యాంటీబాడీ ఎంత పెట్టినా దండగే.