ఆక్వాపోరిన్ మెంబ్రేన్ మన బోరు నీళ్లకు పనికొస్తుందా?

నమస్తే అండీ. మాది గుంటూరు, బ్రాడీపేట. మా బోరు నీళ్లు ఉప్పన. గిన్నె ఆరితే అడుగున తెల్లటి చార మిగులుతుంది. ఆర్వో పెట్టించాం గానీ, బిందెడు మంచినీళ్లకు రెండు బిందెలు తూములోకే పోతున్నాయి. ఎండాకాలం అది చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

ఈమధ్య ఆక్వాపోరిన్ల గురించి చదివాను. కణాల పొరల్లో ఉప్పును ఆపి నీటిని దాటనిచ్చే ప్రోటీన్లు. ఒక్కో ద్వారంలోంచి సెకనుకు దాదాపు 300 కోట్ల నీటి అణువులు దాటతాయట! వీటిని కనుగొన్నందుకే పీటర్ ఆగ్రేకి 2003 రసాయనశాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది. ఈ ప్రోటీన్లు పొదిగిన మెంబ్రేన్లు (నీటిని వడకట్టే పొరలు) ఇప్పుడు అమ్ముతున్నారు కూడా.

ఇంట్లో ఎవరైనా వాడారా? మామూలు ఆర్వో హౌసింగ్‌లో (మెంబ్రేన్ పెట్టే గొట్టంలో) పడుతుందా? వృథా నీళ్లు నిజంగా తగ్గాయా, లేక తక్కువ ప్రెజర్ సరిపోవడం ఒక్కటే కలిసొచ్చిందా? ఇంత సున్నం ఉన్న నీళ్లకు ఎన్నాళ్లు మన్నింది? దయచేసి వాడినవాళ్లు చెప్పండి.