మామోగ్రామ్ క్లియర్ వచ్చాక కూడా క్యాన్సర్ వస్తే, ఇక ఆ పరీక్ష ఎందుకు?

గాజువాక కోడలు:
నిరుడు సంక్రాంతి వెళ్లాక మా ఆడపడుచుకి మామోగ్రామ్, అదే రొమ్ము ఎక్స్‌రే, తీయించాం. 47 ఏళ్లు. ఏమీ లేదన్నారు. వినాయక చవితి ముందు స్నానం చేస్తుంటే రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. ట్రిపుల్ నెగటివ్ క్యాన్సర్ అన్నారు, జోరుగా పెరిగే రకమట. ఇప్పుడు కీమో నడుస్తోంది. మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్లు నన్నూ స్క్రీనింగ్‌కి, అంటే ఏ బాధా లేకపోయినా ముందుగా చేయించుకునే పరీక్షకి, రమ్మంటున్నారు. నాకు నమ్మకం పోయింది. డబ్బు దండగ అంటాను.

మర్రిపాలెం టెక్నీషియన్:
అమ్మా, మామోగ్రామ్‌లు తీయడమే నా పని. స్క్రీనింగ్‌లో ఏమీ లేదన్నాక, మళ్లీ పరీక్షకు టైమ్ రాకముందే బయటపడేవాటిని ఇంటర్వెల్ క్యాన్సర్లు అంటాం. కొన్ని అప్పటికే ఉండి కంటికి చిక్కనివి. రొమ్ములో గ్రంథులు దట్టంగా ఉంటే అవీ తెల్లగానే పడతాయి, గడ్డా తెల్లగానే పడుతుంది. కొన్ని ఆ తర్వాత జోరుగా పెరిగినవి. స్క్రీనింగ్‌లో దొరికేవాటికంటే వీటిలో ట్రిపుల్ నెగటివ్ వాటా ఎక్కువ. అంతమాత్రాన పరీక్ష దండగ కాదమ్మా.

సీతమ్మధార మాస్టారు:
ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్నే. సింహాచలం స్టేషన్‌లో ఆగి ఉన్న గూడ్స్‌బండి ఎప్పుడెళ్లినా కనిపిస్తుంది, దూసుకుపోయే ఎక్స్‌ప్రెస్ కనిపించదు. స్క్రీనింగ్‌కి దొరికేవి ఎక్కువగా నెమ్మదిగా పెరిగేవే. అందుకే "స్క్రీనింగ్‌లో దొరికినవాళ్లు ఎక్కువకాలం బతుకుతున్నారు" అన్నంత మాత్రాన అదంతా పరీక్ష గొప్పతనం అనుకోకూడదు. వాటిలో కొన్ని ఆ మనిషిని ఎప్పటికీ ఇబ్బంది పెట్టనివి కూడా ఉంటాయి. వాటికీ కోత తప్పదు.

ఎంవీపీ కాలనీ అమ్మమ్మ:
మాస్టారూ, నాది 58వ ఏట స్క్రీనింగ్‌లోనే దొరికింది. 9 మిల్లీమీటర్లు. చేతికి తగిలేది కాదు. చిన్న ఆపరేషన్, రేడియేషన్, రోజూ ఒక మాత్ర. కీమో లేదు. నాది మీరన్న ఆ నెమ్మది రకమేనేమో, ఎవరు చెప్పగలరు? వదిలేసి చూద్దామనే ధైర్యం నాకు లేకపోయింది.

సీతమ్మధార మాస్టారు:
మీరు చేసింది తప్పనడం లేదండీ. మామోగ్రామ్ ఒక్కటే దారి అనుకోవద్దంటున్నాను. ముంబైలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు లక్షన్నర మంది ఆడవాళ్లను రెండు వర్గాలు చేసి 20 ఏళ్లు గమనించారు. 2021లో ఫలితాలు వచ్చాయి. ఒక వర్గానికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తోనే పరీక్ష చేశారు. 50 దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. 50 లోపువాళ్లలో ఆ మేలు కనపడలేదు.

మర్రిపాలెం టెక్నీషియన్:
ఇది ఒప్పుకుంటాను. ఒక్క మాట అడుగుతాను గాజువాక అమ్మా, ఏమీ అనుకోకండి. గడ్డ తగిలిన ఎన్నాళ్లకి డాక్టర్‌కి చూపించారు?

గాజువాక కోడలు:
దీపావళి అయ్యాక. రెండు నెలలు దాటింది. తను భయపడుతూనే ఉంది. "మొన్ననే కదా క్లియర్ వచ్చింది, కొవ్వుగడ్డ అయ్యుంటుంది" అని చెప్పింది నేనే. ఆ రిపోర్ట్ బీరువాలోంచి తీసి చూపించి మరీ చెప్పాను.