టార్చ్ పనికి గ్యాస్ సిలిండర్ పడుకోబెట్టి వాడుతున్నారు, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. గుంటూరు బ్రాడీపేటలో మా అపార్ట్‌మెంట్ డాబాకి వాటర్‌ప్రూఫింగ్ చేయిస్తున్నాం. నల్లటి తారు షీటును గ్యాస్ మంటతో కాల్చి అతికించే పని. 19 కిలోల కమర్షియల్ సిలిండర్ తెచ్చారు, అంతవరకు బాగానే ఉంది. గంటసేపు కాల్చేసరికి సిలిండర్ అడుగున తెల్లగా మంచు పట్టి, మంట సన్నబడిపోయింది. మేస్త్రీ వెంటనే దాన్ని పక్కకి పడుకోబెట్టాడు. మంట బుస్సుమని మనిషెత్తు లేచింది, నా గుండె ఆగినంత పనైంది! "ఏం కాదు సార్, ఎప్పుడూ ఇలాగే చేస్తాం" అంటాడు. పడుకోబెడితే ఆవిరి బదులు ద్రవమే పైపులోకి వస్తుందయ్యా అంటే నవ్వుతాడు. ఇంకో కుర్రాడు మరిగే నీళ్లు పోద్దామంటాడు, అదో టెన్షన్.

నిలబెట్టే ఉంచి, రెండు సిలిండర్లు కలిపి వాడితే మంచు పట్టడం తగ్గుతుందా? దానికి ఎలాంటి రెగ్యులేటర్ పెట్టించాలి?

ఇంకోటి, రాత్రిపూట సిలిండర్‌ను సెల్లార్లో లిఫ్టు గుంట పక్కన పెడుతున్నారు. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేరుగా ఆ గుంటలోకే దిగుతుంది. డాబా మీద వదిలేయమంటే దొంగలు ఎత్తుకుపోతారట. ఈ పని చేయించినవాళ్లు ఎక్కడ పెట్టించారు? సోమవారం మళ్లీ పని మొదలవుతుంది, ఆలోపు కాస్త చెప్పండి.